బీబాప్ కచేరీలో చప్పట్లు ఎక్కడ కొట్టాలి?

గత చలికాలంలో విజయవాడ మొగల్రాజపురంలోని ఒక భవనం పై అంతస్తులో, అరవై కుర్చీలు మాత్రమే పట్టే చిన్న హాలులో, ఐదుగురు వాద్యకారులు ట్రంపెట్, ఆల్టో సాక్సఫోన్, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్‌తో గంటన్నర సేపు బీబాప్ అనే రకం జాజ్ వాయించారు. పియానో అన్నది మర్యాద కోసం అన్నమాటే. అది నిజానికి స్టాండు మీద పెట్టిన కీబోర్డు. మొదటి రచన కత్తితో కోసినట్లు హఠాత్తుగా ఆగిపోయింది. అది ముగిసిందో, వాయిస్తున్నవారు ఊపిరి పీల్చుకుంటున్నారో తెలియక హాలులో ఎవరూ కదలలేదు. డ్రమ్మర్ కర్రలు ఒళ్లో పెట్టుకుని నవ్విన తరువాత గాని చప్పట్లు మొదలు కాలేదు. ఆ మొహమాటం తీర్చుకోవడానికన్నట్లు, రెండో రచనలో మేమందరం ప్రతి మలుపుకూ చప్పట్లు కొట్టి, పాపం బేస్ వాయించే కుర్రవాడి సోలోను మొత్తం ముంచేశాము.

కచేరీలు వినడం చేతకాని ఊరు కాదు మనది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు శిష్యులకు సంగీతం నేర్పిన ఊరు. 1948 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉన్న ఊరు. త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొడ మీద తాళం వేసుకుంటూ పొద్దుపోయే దాకా కూర్చునే శ్రోతలున్న ఊరు. అటువంటి చెవికి బీబాప్ వినడానికి కావలసిన సరంజామా చాలావరకు ముందే ఉన్నదని, కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమేనని, పక్కన పెట్టవలసింది మాత్రం ఒకటి రెండు ఉన్నదని నా అభిప్రాయం. రేపు మీ ఊరికి ఇటువంటి చిన్న బృందం వస్తే ఎలా వినాలో, ఎక్కడ స్పందించాలో, ఎక్కడ చేతులు కట్టుకోవాలో ఆ దృష్టితోనే రాస్తున్నాను.

ఇది కూర్చుని వినే సంగీతం

జాజ్ అనగానే డాన్సు గుర్తుకు వచ్చేవారు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. బీబాప్ 1940ల తొలి సంవత్సరాలలో న్యూయార్క్ నగరపు హార్లెం ప్రాంతంలో రూపు దిద్దుకున్నది. పెద్ద డాన్సు బ్యాండ్లలో ఆ రాత్రి ఉద్యోగం ముగించుకున్న వాద్యకారులు 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్ వంటి క్లబ్బులకు చేరి, అర్ధరాత్రి దాటిన తరువాత తమకోసం తాము వాయించుకునేవారు. అక్కడ పియానో వద్ద థెలోనియస్ మంక్, డ్రమ్స్ వద్ద కెన్నీ క్లార్క్ ఆస్థాన విద్వాంసులు. ట్రంపెట్‌తో డిజీ గిలెస్పీ, ఆల్టో సాక్సఫోన్‌తో చార్లీ పార్కర్ ఆ గోష్ఠులలో పాల్గొన్నవారే. తోటివారిని మెప్పించడానికీ, చేతకానివారిని వేదిక దించడానికీ పుట్టిన సంగీతం గనుక అందులో వేగమూ చిక్కుముడులూ ఎక్కువ. 1942 ఆగస్టు నుంచి అమెరికా సంగీతకారుల సంఘం రికార్డింగులను నిలిపివేయడం వల్ల ఈ పద్ధతి పుట్టుక చాలావరకు రికార్డులకు ఎక్కలేదు. కాబట్టి 1945లో రికార్డులు వెలువడినప్పుడు అక్కడి శ్రోతలకు కూడా మధ్య అధ్యాయాలు లేని గ్రంథం చేతికి అందినట్లయింది. డాన్సూ పాటా ఉన్న క్లబ్బుల బిల్లులపై 1944లో పడిన ఫెడరల్ పన్ను, కూర్చుని వినే చిన్న బృందాలకు మరికొంత చోటు కల్పించింది.

ఆనాటి శ్రోతలు రెండు పక్షాలుగా చీలిపోయారు. పాత పద్ధతిని పట్టుకున్నవారిని కొత్తవారు "బూజు పట్టిన అంజూర పళ్లు" అని వెక్కిరించేవారు. మొదటిసారి విన్నప్పుడు మీకు చిరాకు కలిగితే సిగ్గుపడవలసిన పని లేదని చెప్పడానికే ఈ చరిత్ర అంతా. ఆ చిరాకు పడ్డవారిలో చేయి తిరిగిన జాజ్ వాద్యకారులు కూడా ఉన్నారు.

లెక్క పట్టుకోవడం

బీబాప్ శ్రోత చేయవలసిన మొదటి పని, బహుశా అన్నింటికంటే పెద్ద పని, లెక్క తప్పకుండా ఉండడం. బృందం ముందుగా ఒక చిన్న రచనను, సాధారణంగా ట్రంపెట్, సాక్సఫోన్ కలిసి ఒకే గొంతుతో వాయిస్తుంది; దానిని హెడ్ అంటారు. ఆ తరువాత అదే కార్డ్స్ (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుత్తులు) వరుస, అదే నిడివితో, చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. ఆ చక్రం మీద ఒకరి తరువాత ఒకరు మనోధర్మంతో సోలో వాయిస్తారు. ఒక్కొక్క చుట్టును కోరస్ అంటారు. పదిమంది కలిసి పాడే కోరస్ వేరు, ఇది వేరు. చివరకు హెడ్ మళ్లీ వస్తుంది. ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు వాయిస్తున్నారని నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆనాడు గొణిగారు. ఇష్టం వచ్చినట్లు వాయించేది స్వరాలను మాత్రమే. చక్రం నిడివిని ఎవరూ ఒక్క దెబ్బ కూడా మార్చరు.

ఈ చక్రాలలో ఎక్కువగా వినిపించేది ముప్ఫై రెండు బార్‌లది. బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల గడి. ముప్ఫై రెండు బార్‌లు ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు. మొదటి రెండు భాగాలూ ఒకే తీరు, మూడోది వేరు, నాలుగోది మళ్లీ మొదటి తీరు. ఆ మూడో భాగాన్ని బ్రిడ్జి అంటారు. కర్ణాటక సంగీతం విన్నవారికి ఇక్కడ ఒక సులువు ఉన్నది. ఆది తాళం వేయండి, కాని ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దెబ్బ కాకుండా ఒక్కొక్క బార్ లెక్క కట్టండి. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బా తిప్పూ రెండుసార్లు. దీనితో ఎనిమిది బార్‌లు, అంటే ఒక భాగం పూర్తవుతుంది. నాలుగు ఆవర్తనాలయ్యేసరికి ఒక కోరస్ పూర్తవుతుంది. నిమిషానికి 240 దెబ్బల వేగంతో బృందం ఉరుకుతున్నా, ఒక బార్ సరిగ్గా ఒక సెకను పడుతుంది గనుక మీ చేయి గడియారం ముల్లులా తాపీగా కదులుతుంది. ఆ వేగంలో ఒక కోరస్ 32 సెకన్లు. నాలుగు కోరస్‌లు వాయించినవారు రెండు నిమిషాలకు కాస్త పైగా మాట్లాడినట్లు. దెబ్బదెబ్బనూ వెంటాడితే చేయి నొప్పి తప్ప ఏమీ మిగలదు; బార్‌ను పట్టుకుంటే సంగీతం నడక కనిపిస్తుంది. మూడో ఆవర్తనంలో అడుగుపెట్టగానే కార్డ్స్ రంగు మారడం మీరు గమనించగలిగితే సగం పని అయినట్లే.

రెండో రకం చక్రం పన్నెండు బార్‌ల బ్లూస్. దీనికి ఆది తాళం పనికిరాదు, జపం చేసేవారి లెక్క పనికివస్తుంది. బొటనవేలు కాక మిగిలిన నాలుగు వేళ్లకు మూడేసి కణుపులు, మొత్తం పన్నెండు. వేలి వెంట కిందికి దిగకుండా అడ్డంగా వెళ్లండి: పై వరుసలో నాలుగు, మధ్య వరుసలో నాలుగు, కింది వరుసలో నాలుగు. బ్లూస్ కూడా నాలుగేసి బార్‌ల మూడు వాక్యాలే. పై వరుస ఇంట్లోనే, అంటే మొదలైన కార్డ్ మీదే, ఉంటుంది, మధ్య వరుస మొదట్లో మధ్యమం కార్డ్‌కు వెళుతుంది, కింది వరుస ఇంటికి తిరిగివచ్చే దారి.

ఇంటి వద్ద సాధనకు చార్లీ పార్కర్ 1945 నవంబరు 26న న్యూయార్క్‌లో రికార్డు చేసిన రెండు రచనలు చాలు. "నౌజ్ ద టైమ్" పన్నెండు బార్‌ల బ్లూస్, నడక తాపీగా ఉంటుంది. కణుపుల లెక్కకు దానికంటే మంచి పాఠం లేదు. అదే రోజున రికార్డైన "కో-కో" దీనికి పూర్తిగా విరుద్ధం. "చెరోకీ" అనే పాత పాట కార్డ్స్ మీద నిలిచిన ఆ రచన చక్రం 64 బార్‌లు, అంటే మన లెక్కలో ఎనిమిది ఆవర్తనాలు, వేగం నిమిషానికి ఇంచుమించు 300 దెబ్బలు. అందులో ఎక్కడ ఉన్నామో తప్పిపోకుండా ఒక్క కోరస్ దాటగలిగిన శ్రోత ఏ కచేరీకైనా ధైర్యంగా వెళ్లవచ్చు. నేను నాలుగో ప్రయత్నంలో దాటాను.

పాత పాట కార్డ్స్ మీద కొత్త వరుస కట్టడం బీబాప్‌లో సర్వసాధారణం. జార్జ్ గెర్ష్విన్ 1930లో స్వరపరచిన ఒకే ఒక పాట కార్డ్స్ మీద లెక్కలేనన్ని రచనలు వచ్చాయి. వాద్యకారులు ఆ వరుసను "రిథమ్ ఛేంజెస్" అని పిలుస్తారు. ఒక పాట వరుసకు వేరే మాటలు కట్టడం మనకు తెలిసిన విద్య. ఇక్కడ నేల అదే ఉంచి ఇల్లు కొత్తగా కడతారు. కాబట్టి రచన పేరు తెలియకపోయినా చక్రం తెలిసినదే అయి ఉండే అవకాశం ఎక్కువ.

తాళం ఎంత గట్టిగా వేయాలన్నది వేరే ప్రశ్న. మన అలవాటు సమం మీద బలం పెట్టడం. జాజ్ డ్రమ్మర్ ఎడమ కాలి కింద ఉండే హై-హ్యాట్ పళ్లాలు రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా మూసుకుంటాయి. ఊపు అంతా అక్కడే ఉంటుంది. మీరు ఒకటి, మూడు మీద గట్టిగా చరిస్తే వేదిక మీది వారికి ఎదురుగాలి వీచినట్లుంటుంది. మోత లేకుండా ఒళ్లో వేసుకునే తాళం ఎవరికీ అభ్యంతరం కాదు.

శ్రుతి కోసం వెతకవద్దు

పక్కన పెట్టవలసిన అలవాటు ఇది. తంబురా మీద పెరిగిన చెవి, సంగీతం మొదలుకాగానే షడ్జం ఎక్కడ ఉన్నదో వెతుకుతుంది. బీబాప్‌లో కాలి కింది నేలే కదులుతుంది. బార్‌కు ఒకసారి, కొన్నిచోట్ల రెండుసార్లు కార్డ్ మారుతుంది. ఒక కార్డ్‌కు ఒదిగిన స్వరం మరుసటి క్షణంలో పరాయిది కావచ్చు. ఆ మార్పును తెలుసుకోకుండా, మొత్తం రచనకు ఒకే రాగం ఉన్నట్లు వింటే ప్రతి రెండో స్వరమూ అపస్వరంలా తోస్తుంది. వాద్యకారులు వాడే ఉపాయాన్ని ఒకదానిని తెలుసుకుంటే ఈ బాధ తగ్గుతుంది. ఏడు స్వరాలకు ఒక అదనపు స్వరాన్ని చేర్చి ఎనిమిది చేస్తే, ఒక బార్‌లోని ఎనిమిది అరదెబ్బలకు అవి సరిపోయి, కార్డ్‌కు చెందిన స్వరాలు దెబ్బల మీద, పరాయి స్వరాలు దెబ్బల మధ్య పడతాయి. భాషాంగ రాగంలో అన్యస్వరం ఒక ప్రత్యేక సంచారంలో మాత్రమే తొంగిచూసి వెళ్లిపోవడం మనకు ఎలా ఇంపుగా ఉంటుందో, ఇక్కడ పరాయి స్వరం దారిలో తగిలి ఇంటి స్వరం మీద వాలడం అలా ఇంపుగా ఉంటుంది. స్వరాన్ని కాదు, వాలే చోటును వినాలి.

దారి తప్పినప్పుడు పట్టుకోవలసిన కొమ్మ డబుల్ బేస్. అది బార్‌కు నాలుగు చొప్పున, దెబ్బకు ఒక స్వరం వేసుకుంటూ నడుస్తూనే ఉంటుంది. కార్డ్ ఎటు మారుతున్నదో అందరికంటే ముందు చెప్పేది అదే. అందువల్ల కుర్చీ ఎంచుకునేటప్పుడు బేస్ వాయించే చేతివేళ్లు, డ్రమ్మర్ కుడిచేతి కింది రైడ్ పళ్లెం, ఈ రెండూ కనిపించే చోటు చూసుకోండి. ట్రంపెట్ మూతికి ఎదురుగా మాత్రం కూర్చోవద్దు. మన హాళ్లలో పాత ఏసీల హోరు సరిగ్గా బేస్ వినిపించవలసిన లోతులోనే మోగుతుంది. నిర్వాహకులు తెలిసినవారైతే సోలోల సమయంలో ఒకదానినైనా ఆపమని ముందే అడగండి. మే నెలలో అడగవద్దు.

డ్రమ్స్ గురించి ఒక మాట. కెన్నీ క్లార్క్ కాలంలో తాళం నిలబెట్టే పని కాలి కింది పెద్ద డ్రమ్ము నుంచి రైడ్ పళ్లెం మీదికి మారింది. దానితో పెద్ద డ్రమ్ముకు ఊహించని చోట్ల దబ్బున మోగే స్వేచ్ఛ దొరికింది. ఆ దెబ్బ విని ఉలిక్కిపడి, ఏదో ముగిసిందనుకుని చప్పట్లు కొట్టేవారు మా హాలులో చాలామంది ఉన్నారు. అది తీర్మానం కాదు; సోలో వాయించేవారి మాటకు డ్రమ్మర్ కొట్టిన ఊ.

చప్పట్లు

కర్ణాటక కచేరీలో కల్పనస్వరం ఎత్తుగడ మీద సరిగ్గా వచ్చి వాలినప్పుడు తల ఊపడం, "ఆహా" అనడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ చిన్న స్పందన బీబాప్‌లో కూడా ఎక్కడైనా చెల్లుతుంది. ఒక పదబంధం నచ్చితే నచ్చినచోటే పైకి అనవచ్చు. నాలుగు అడుగుల దూరంలో ఉన్న వాద్యకారుడు దానిని వింటాడు, విన్నట్లు అతని తరువాతి కోరస్‌లోనే తెలుస్తుంది. మా హాలులో ఆ రాత్రి సాక్సఫోన్ వాయించిన విద్వాంసుడు, వెనుక వరుస నుంచి ఎవరో "భళా" అన్న తరువాత అదే పదబంధాన్ని మరో స్థాయిలో తిప్పి వాయించాడు. హాలు చిన్నది కావడంలోని లాభం అది.

అందరూ కలిసి కొట్టే చప్పట్ల సంగతి వేరు. వాటికి చోటు సోలో ముగిసినప్పుడు. ముగింపును తెలుసుకోవడానికి లెక్క ఉండనే ఉన్నది: నాలుగో ఆవర్తనం చివరకు వస్తూ వాద్యం నోటి నుంచి దిగి, వాయించినవారు ఒక అడుగు వెనక్కు వేస్తే సోలో అయిపోయినట్లు. కోరస్ పూర్తయినంత మాత్రాన సోలో పూర్తి కాదు. మంచి వాద్యకారులు ఒక కోరస్ చివర మొదలుపెట్టిన వాక్యాన్ని కావాలనే సరిహద్దు దాటించి తరువాతి కోరస్‌లో ముగిస్తారు. మరో చిక్కు ఏమిటంటే సంగీతం మీ కోసం ఆగదు. మీరు ఒకరికి చప్పట్లు కొడుతుండగానే మరొకరు మొదలుపెడతారు, వారి మొదటి నాలుగు బార్‌లు మీ చప్పట్ల కింద పడతాయి. అందుచేత గట్టిగా, పొట్టిగా కొట్టి ఆపేయడం మర్యాద. ట్రంపెట్‌కైతే పరవాలేదు, అది చప్పట్లను చీల్చుకుని వస్తుంది. తరువాతి వంతు బేస్‌దైతే ఇంకా ముందే ఆపాలి.

బేస్ సోలో వచ్చినప్పుడు మాటలు మొదలుపెట్టడం ప్రపంచమంతటా ఉన్న జబ్బు. దానికి మందు మనకు తెలియనిది కాదు, ఎందుకంటే ఆ జబ్బు మనకూ ఉన్నది: మృదంగం తని మొదలుకాగానే కాఫీకి లేచే మనిషి బెజవాడలో ఏ సభలోనైనా కనిపిస్తాడు. మిగిలిన వాద్యాలు తగ్గిపోవడాన్ని విరామం అనుకోవడమే రెండుచోట్లా జరిగే పొరపాటు. బేస్ సోలోలో చక్రం ఆగదు, కార్డ్స్ మారుతూనే ఉంటాయి, పైగా ఇప్పుడు వాటిని మోసేవారు తక్కువ కాబట్టి మీరు మరింత శ్రద్ధగా లెక్క పెట్టాలి. నేను ఈ విషయంలో కొంచెం కటువుగా మాట్లాడుతున్నానని తెలుసు. ఆ రాత్రి ఆ కుర్రవాడి ముఖం చూసినవారు నన్ను క్షమిస్తారు.

తని విన్నవారికి అన్నింటికంటే తొందరగా అబ్బేది ఫోర్స్ అనే ఘట్టం. సోలోలన్నీ అయిన తరువాత ఊదేవారికీ డ్రమ్మర్‌కూ మధ్య నాలుగేసి బార్‌ల వంతులు నడుస్తాయి. మన ఆది తాళంలో చూస్తే లఘువు ఒకరిది, రెండు ద్రుతాలు డ్రమ్మర్‌వి. ఎనిమిదేసి బార్‌లైతే ఆవర్తనం మార్చి ఆవర్తనం. మృదంగమూ ఘటమూ ఒకదాని ప్రశ్నకు మరొకటి బదులు చెప్పుకోవడం విని ఆనందించినవారు ఇక్కడ వెంటనే నవ్వుతారు. మా హాలులో శ్రోతలందరూ ఒకేసారి, ఒకే చోట, తప్పు లేకుండా స్పందించినది ఆ ఘట్టంలోనే. వంతు వంతుకూ చప్పట్లు మాత్రం వద్దు, మొత్తం ముగియనివ్వండి.

మరో ఆనందం, దానికి కొంత వినికిడి కావాలి. సోలో మధ్యలో వాద్యకారులు ఏదో ఒక వేరే పాట ముక్కను తెచ్చి అతికిస్తారు. "కో-కో" సోలోలో పార్కర్ "హై సొసైటీ" అనే పాత న్యూ ఆర్లియన్స్ రచనలోని ప్రసిద్ధమైన క్లారినెట్ ముక్కను దూర్చాడు. గుర్తుపట్టినవారు నవ్వాలి, నవ్వితే వాయించినవారికి సంతోషం. ఆ రాత్రి ట్రంపెట్ వాయించినవారు రిథమ్ ఛేంజెస్ బ్రిడ్జిలో, మన పెళ్లి ఊరేగింపులలో బ్యాండు మేళం వాయించే ఒక వరుసను రెండు బార్‌లు తిప్పారు. మొదటి వరుసలోని పిల్లలు ముందు గుర్తుపట్టారు, మేము పిల్లల నవ్వును బట్టి గుర్తుపట్టాము.

నెమ్మది రచన వచ్చినప్పుడు చేయవలసింది తక్కువ. సెల్‌ఫోన్ తెర ఆర్పి, చివరి స్వరం పూర్తిగా ఆరిపోయే దాకా చేతులు కదపకుండా ఉంటే చాలు. ముగింపుల విషయంలో ఒక ఆనవాలు చెప్పగలను: హెడ్ తిరిగివచ్చిన తరువాత చివరి వాక్యాన్ని మూడుసార్లు వాయించి ముగించడం జాజ్‌లో తరచుగా వినిపించే పద్ధతి. ముక్తాయింపు ముమ్మారు రావడం ఎరిగిన మనకు అది కొత్త కాదు. మొదటిసారికే లేవకుండా మూడు దాకా ఆగితే సరి. హెడ్ చివర ఒక్కసారిగా తెగిపోయే రచనలూ ఉన్నాయి, మమ్మల్ని మొదట బోల్తా కొట్టించినది అటువంటిదే. వాటికి హెడ్ మొదటిసారి వచ్చినప్పుడే దాని తోక ఎలా ఉన్నదో గుర్తుపెట్టుకోవడమే ఉపాయం.

జనం తక్కువైతే

అరవై కుర్చీలలో ముప్ఫై ఖాళీగా ఉంటే శ్రోతకు కూడా మొహమాటంగా ఉంటుంది. పదిమంది చప్పట్లు వెలితిగా వినిపిస్తాయి. పార్కర్, గిలెస్పీ, బడ్ పవెల్, చార్లెస్ మింగస్, మ్యాక్స్ రోచ్ కలిసి వాయించిన టొరంటో మాస్సీ హాల్ కచేరీ 1953 మే 15న జరిగితే, అదే రాత్రి హెవీవెయిట్ ప్రపంచ బాక్సింగ్ పోటీ ఉండడంతో ఆ పెద్ద హాలులో చాలా కుర్చీలు ఖాళీగా మిగిలాయి. ఆ రికార్డింగ్ వింటే వచ్చినవారి ఉత్సాహమే వినిపిస్తుంది, రానివారి లోటు వినిపించదు. ఖాళీ హాలులో చేయవలసింది ఒక్కటే: అందరూ లేచి ముందు వరుసలలోకి జరగడం.

కచేరీ అయిన తరువాత

వాద్యకారులు సామాను సర్దుకుంటున్నప్పుడు వెళ్లి "ఎంత వేగమండీ" అనడం చాలామంది చేసే పని, నేనూ చేశాను. వేగం వారికి రోజూ ఉండేదే. ఆ మాటకు వారి వద్ద చిరునవ్వు తప్ప జవాబు ఉండదు. అంతకంటే, ఒక చోటును గుర్తుపెట్టుకుని అడగండి: రెండో రచనలో బ్రిడ్జి వచ్చినప్పుడు పియానో ఎందుకు ఆగిపోయింది, ఫోర్స్‌లో డ్రమ్మర్ మూడో వంతులో చక్రం తప్పినట్లు భ్రమపెట్టినది కావాలనేనా. అర్థం కాకపోతే కాలేదనే చెప్పండి, ఎక్కడ లెక్క తప్పిందో చెప్పండి; వారికి అది పొగడ్తకంటే ఎక్కువ పనికివస్తుంది. ఇంటికి వెళ్లాక రెండు వాక్యాలు రాసిపెట్టుకుంటే మరుసటి కచేరీకి ఏమి మారిందో తెలుస్తుంది. సినిమా పాట ఒకటి వాయించమని మధ్యలో చీటీ పంపే అలవాటు ఉన్నవారు ఆ చీటీని ఈ సమయానికి దాచుకుంటే, కొన్నిసార్లు నిజంగానే వాయిస్తారు.

డబుల్ బేస్ మన అపార్టుమెంట్ల చిన్న లిఫ్టులలో పట్టదు. మెట్ల మీదుగా దానిని దింపుతుంటే ఒక చేయి వేయండి. బేస్ సోలో గురించి అడగవలసినదంతా మూడు అంతస్తులు దిగేలోపు తీరికగా అడగవచ్చు.